ముట్టుకోని గడి

మార్చి 4, సోమవారం

కొత్త ప్రాజెక్ట్. ఊరి మంచినీళ్ళ కంట్రోల్ రూమ్. మొదటి రోజే తల బొప్పి కట్టింది.

ఊరంతటికీ నాలుగు వందల పన్నెండు మీటర్లు. పైపుల్లోంచి, ట్యాంకుల్లోంచి, పంపుల్లోంచి నిమిషానికో నంబర్ వచ్చి పడుతూనే ఉంటుంది. ప్రెషర్, ఫ్లో, నీటి మట్టం, క్లోరిన్. వీటన్నిటికీ కలిపి ఒక గోడ ఉంది. ముప్పై ఏళ్ళ నాటి గోడ. రంగులేసిన పైపుల మ్యాపు, బల్బులు, గడియారాల్లాంటి మీటర్లు, వాటిల్లో ముళ్ళు. కొన్ని ముళ్ళ పక్కన పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి. ఎవరు గీశారో ఎవరికీ తెలీదు.

నా పని ఆ గోడని పీకేసి ఒక పెద్ద టచ్ స్క్రీన్ పెట్టడం. దాంట్లో ఒక్కో మీటర్‌కి ఒక్కో గడి. మామూలు స్క్రీన్ కాదు. ఆపరేటర్లు దేన్ని ఎక్కువ వాడుతున్నారో కనిపెట్టి, ఆ గడిని తనంతట తనే పెద్దది చేస్తుంది. ఎవరికీ పట్టనిదాన్ని చిన్నది చేసి పక్కకి నెడుతుంది. నాలుగు వందల నంబర్లని మనిషి చూడలేడు. ఓ ఇరవై చూడగలడు. ఆ ఇరవై ఏవో స్క్రీనే పసిగట్టాలి. ఈ ఐడియా అచ్చంగా నాది. నా డైరీలో నేను గొప్పలు పోతే ఎవరికేం నష్టం?

మార్చి 6, బుధవారం

పొద్దుటి షిఫ్ట్ ఆపరేటర్ని అందరూ బాబాయ్ అంటారు. రెండో రోజుకల్లా నేనూ బాబాయ్ అనేశాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసట. డ్యూటీ ఎక్కగానే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడ ముందు ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తాడు, స్కూల్ తనిఖీకి వచ్చిన ఆఫీసర్లాగా. దేన్నీ ముట్టుకోడు. కుడివైపు కింద మూల ఒక చిన్న ముల్లుంది. అక్కడ ఆగుతాడు, నడుం వంచి చూస్తాడు, అప్పుడు గానీ వెళ్ళి కుర్చీలో కూర్చోడు.

ఆ ముల్లుని వీళ్ళు తోక అంటారు. ఊరి పైపులైను చిట్టచివర ఉండే క్లోరిన్ మీటర్ అది. అక్కడ మందు సరిపడా ఉంటే దారి పొడుగునా ఉన్నట్టేనట.

చేతులెందుకు కట్టుకుంటారని అడిగాను. నవ్వాడు. ఉద్యోగంలో చేరిన రోజున పెద్ద ఆపరేటర్ నేర్పిన మొదటి పాఠం అదేనట, నడుస్తున్నదాన్ని ముట్టుకోకు అని. ఎప్పుడో ఎవడో కుదురుండక ఒక మర తిప్పి సగం ఊరికి నీళ్ళు ఆపేశాట్ట. అప్పట్నుంచీ ముగ్గురు షిఫ్ట్ ఆపరేటర్లూ ఇంతే, చేతులు వెనక్కి. సాయంత్రం అక్కకి ఫోన్‌లో ఈ కథంతా యాక్షన్‌తో సహా చెప్పాను. పడీ పడీ నవ్వింది. వాళ్ళ పాప కూడా చేతులు కట్టుకుని హాల్లో అటూ ఇటూ నడుస్తోందట.

మార్చి 15, శుక్రవారం

ఆరో నంబర్ పంపు ప్రెషర్ మీటర్‌కి వీళ్ళు పెట్టిన పేరు ఏడుపుగొట్టు. లోపల వైరు లూజు. అక్కడ ఏమీ అవకపోయినా పావుగంటకోసారి కీచుమని అరుస్తుంది. ఎవరో ఒకరు లేచి నోరు నొక్కి వస్తారు. కొత్త మీటర్ కోసం రెండేళ్ళ కింద రాశారట. ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది.

నేనక్కడున్న నాలుగు గంటల్లో పదిహేడుసార్లు అరిచింది. చెవులు చిల్లులు పడ్డాయి.

మార్చి 17, ఆదివారం

అక్కావాళ్ళింట్లో పడి తిన్నాను, పడి నిద్రపోయాను. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు పదకొండు. అప్పట్నుంచీ జడ వేసిందీ అదే, కాలేజీలో చేర్చిందీ అదే, మార్కులు తగ్గితే వీపు విమానం మోత మోగించిందీ అదే. ఇప్పటికీ నేను వెళ్తే చిక్కిపోయావంటూ మొదలుపెడుతుంది. అద్దంలో చూస్తే నాకైతే అలా ఏం కనబడదు.

ఊరి చివర కొత్త కాలనీ వాళ్ళది. కుళాయి గేటు బయట ఉంది. నీళ్ళు మందు వాసన కొడుతున్నాయని అక్క గొణిగింది. కొట్టనీ, అది మంచిదే అన్నాను. పెద్ద చెప్పొచ్చావులే అంది.

ఏప్రిల్ 2, మంగళవారం

ఇవాళ మీటింగ్‌లో నేను చెలరేగిపోయాను.

రోజుకి రెండొందల పైచిలుకు హారన్లు మోగుతాయి ఆ గదిలో. అందులో నిజమైనవి పది ఉంటే ఎక్కువ. మిగతావన్నీ ఏడుపుగొట్టు బాపతు. చెవిలో అన్నిసార్లు అరిస్తే మనిషి అసలైనదాన్ని కూడా పట్టించుకోడు. అందుకని నేనొకటి ప్రతిపాదించాను. మూడు వారాలపాటు ఎవరూ ముట్టుకోని గడి స్క్రీన్ మీద నుంచి సొరుగులోకి వెళ్ళిపోతుంది. సొరుగులో ఉన్నవాటికి హారన్ మోగదు. ఏదైనా తేడా వస్తే సొరుగు మీద చిన్న పసుపు చుక్క వెలుగుతుంది, అంతే.

నీళ్ళ శాఖ ఇంజినీర్ ఒకాయన సందేహంగా అడిగాడు, ముఖ్యమైనది సొరుగులోకి పోతే ఎలా అని. ముఖ్యమైనదైతే ఎవరో ఒకరు ముట్టుకుంటారు కదా సార్, ముట్టుకున్నది సొరుగులోకి పోదు కదా అన్నాను. ఆయన తలూపి పుస్తకంలో రాసుకున్నాడు. బయటికొచ్చాక మా కంపెనీ బాస్ భుజం తట్టాడు. వచ్చేటప్పుడు నాకు నేనే ఐస్‌క్రీమ్ కొనుక్కున్నాను.

ఏప్రిల్ 22, సోమవారం

స్క్రీన్ మొదలైంది. గోడకి ప్లైవుడ్ కొట్టేశారు. వైర్లు కోసేశారు.

బాబాయ్ స్క్రీన్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. కుడివైపు కింద మూల తోక ఉంది. ఆయన అడిగాడని అక్కడే పెట్టించాను. వంగి చూసి, తృప్తిగా తలాడించి వెళ్ళి కూర్చున్నాడు. ఫొటో తీశాను.

మే 8, బుధవారం

సిగ్గుచేటు. స్క్రీన్ మధ్యలో ఇంతలావు గడి ఎవరిదనుకున్నావ్? ఏడుపుగొట్టుది! రోజుకి వందసార్లు నోరు నొక్కుతున్నారు కదా, అదంటే వీళ్ళకి ప్రాణం అనుకుంది స్క్రీన్. నడిబొడ్డున కూర్చోబెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. బాస్ మాత్రం నవ్వేశాడు. మొదట్లో అలాగే ఉంటుంది, రాను రాను సర్దుకుంటుంది, కదపకు అన్నాడు. ఇరవై ఏడున డెమో, పెద్దలంతా చూడ్డానికి వస్తున్నారు. అప్పటిదాకా స్క్రీన్ నేర్చుకున్నదంతా ఎవరూ చెరపకూడదట. ఈ స్క్రీన్ తనంతట తనే నేర్చుకుంది అని చూపించాలి కదా మరి.

మే 16, గురువారం

బాబాయ్ వచ్చి తోక కనబడట్లేదమ్మా అన్నాడు. చూస్తే సొరుగులో ఉంది. సోమవారం వెళ్ళిపోయింది. మూడు వారాలైంది, ఎవరూ ముట్టుకోలేదు.

సొరుగు తెరిచి చూపించాను. రెండుసార్లు నొక్కితే చాలు, ఇదిగో మీ తోక. అంకె బాగానే ఉంది, 0.5. 0.2 కిందకి దిగకపోతే చాలు. మళ్ళీ బయట పెట్టమని అడిగాడు. నేను పెడితే అది నేర్చుకున్నట్టు కాదు బాబాయ్, అవసరం వస్తే అదే తీసుకొస్తుంది, దాని పనే అది అన్నాను.

సరేనమ్మా అన్నాడు. ఆ ముసలాయనకి నా మీద చాలా నమ్మకం. ఏదో కూతురు పెద్ద చదువు చదివినట్టు చూస్తాడు.

మే 17, శుక్రవారం

పొద్దున్నించీ బాబాయ్ సొరుగు పదకొండుసార్లు తెరిచాడు. స్క్రీన్ మీద ప్రతి నొక్కునీ రాసిపెట్టే లాగ్‌లో చూశాను. తెరవడం, అంకె చూడ్డం, మూసేయడం. ఈ నొక్కులన్నీ తోక ఖాతాలో కాదు, సొరుగు ఖాతాలో పడతాయి. ఇలా కెలికితే సొరుగే పెద్దదైపోయి స్క్రీన్ నిండా కూర్చుంటుంది. డెమోకి పది రోజులుంది. చచ్చీ చెడీ ఇంతదాకా తెచ్చాను.

వెళ్ళి మెల్లిగానే చెప్పాను. బాబాయ్, ఇరవై ఏడు దాకా సొరుగు జోలికి వెళ్ళకండి, దాని నేర్చుకోవడం పాడైపోతుంది, నేనున్నానుగా అని. ఆయన నాలుక కరుచుకున్నాడు. తెలీక చేశానమ్మా అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మే 22, బుధవారం

సొరుగు జోలికి ఎవరూ వెళ్ళట్లేదు. హమ్మయ్య.

మే 27, సోమవారం

డెమో అదుర్స్. చప్పట్లే చప్పట్లు. ఏడుపుగొట్టు గడి కూడా బుద్ధిగా కొంచెం చిన్నదైంది (పొద్దున్నే వెళ్ళి వైరు టేపుతో కట్టించాను, ఎవరికీ చెప్పలేదు). ఎవరో పెద్దాయన ఇంత ప్రశాంతమైన కంట్రోల్ రూమ్ ఎక్కడా చూళ్ళేదన్నాడు. నిజమే, గంటసేపట్లో ఒక్క హారన్ మోగలేదు. నన్ను స్క్రీన్ ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు.

బాబాయ్ వెనకాల నిలబడి చప్పట్లు కొట్టాడు. అప్పుడు మాత్రం చేతులు ముందుకొచ్చాయి.

మే 30, గురువారం

అక్క ఫోన్. ఈమధ్య నీళ్ళు భలే ఉంటున్నాయట. మందు వాసనే లేదట. పాప గ్లాసు వద్దనకుండా తాగుతోందట. నీ స్క్రీన్ మహిమేనా అని అడిగింది. మరేమనుకున్నావ్, నేనంటే ఏంటనుకున్నావ్ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 4, మంగళవారం

మెయిల్ వచ్చింది. ఇంకో రెండు ఊళ్ళకి ఇదే స్క్రీన్. నేనే లీడ్!

జూన్ 7, శుక్రవారం, మధ్యాహ్నం 3

పాపకి పొద్దున్నించీ వాంతులు, విరేచనాలు. అక్క ఏదో తిని ఉంటుందిలే అనుకుంది. రెండింటికి కళ్ళు తేలేసింది. బావ ఊళ్ళో లేడు. నేను వెళ్ళి ఎత్తుకుని ఆటోలో హాస్పిటల్‌కి తీసుకొచ్చాను. ఆరేళ్ళ పిల్ల, ఇంత తేలిగ్గా ఉందేంటి అనిపించింది చేతుల్లో.

ఇక్కడ వరండాలో కూడా మంచాలు వేశారు. అందరూ అక్కావాళ్ళ కాలనీ వాళ్ళే. పక్కింటి టైలరమ్మ కూడా ఉంది. మా అక్క బ్లౌజులన్నీ ఆవిడే కుడుతుంది.

జూన్ 8, శనివారం

డాక్టర్ నీళ్ళ వల్లే అన్నాడు.

నాకు వినబడింది. రెండోసారి చెప్పమని అడగలేదు.

జూన్ 9, ఆదివారం

టైలరమ్మ పోయింది. పొద్దున తొమ్మిదింటికి.

పాపకి ఇంకా సెలైన్ ఎక్కుతోంది. మూత్రం రాలేదని రెండు రోజుల్నుంచీ చూస్తున్నారు. కిడ్నీలంటున్నారు. అక్క ఏడవట్లేదు. మంచం రాడ్ పట్టుకుని నిలబడే ఉంది, కూర్చోమంటే నన్ను కసిరింది.

జూన్ 10, సోమవారం

పేపర్లో పడింది. ఊరి చివరకి మందు కలిపే చిన్న పంపు ట్యూబు మూసుకుపోయిందట. అదే టైములో అక్కడ పైపు పగిలి మురుగు కలిసిందట. నీళ్ళలో క్లోరిన్ లేదని కంట్రోల్ రూమ్ స్క్రీన్ చూపిస్తూనే ఉన్నా డ్యూటీ ఆపరేటర్ పట్టించుకోలేదట. సస్పెండ్ చేశారు. కేసు కూడా పెడతారట.

ముగ్గురు ఆపరేటర్లలో సీనియర్ కాబట్టి బాబాయ్‌ని.

అక్క ఆ పేపర్ చదివింది. వరండాలో అందరికీ వినబడేలా తిట్టింది. స్క్రీన్ ముందు కూర్చుని నిద్రపోయిన వెధవ, వాడి చేతులు పడిపోను, వాడికి పిల్లల్లేరా అని. నా చెయ్యి పట్టుకుని తిట్టింది. నా చెయ్యి దాని చేతిలోనే ఉంది, నేను తీసుకోలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

జూన్ 11, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళి లాగ్ తీశాను.

తోక. మే 19న 0.4. 22న 0.3. 24న 0.15, ఆ రోజు పసుపు చుక్క వెలిగింది. 28న సున్నా. జూన్ 8 దాకా సున్నా. పదహారు రోజులు చుక్క వెలుగుతూనే ఉంది. సొరుగు మీద అప్పటికి అలాంటి చుక్కలు ఇంకో ముప్పై ఏడు ఉన్నాయి. ఎవరి కంటికి ఆనుతుంది?

డెమో ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను. నేను నవ్వుతూ నిలబడి ఉన్నాను. నా కుడి భుజం పక్కన సొరుగుంది. దాని మీద చుక్కలున్నాయి. చిన్నవి, పసుపువి. అక్క ఫోన్ చేసి వాసన లేదు అన్నది దానికి మూడు రోజుల తర్వాత.

ఇంటికొచ్చి ఈ డైరీ మొదట్నుంచీ చదివాను. మార్చి 6 చదివాను. అంతా అందులోనే ఉంది. ఆయన దేన్నీ ముట్టుకోడని, తోక దగ్గర ఆగి వంగి చూస్తాడని నా చేత్తో నేనే రాసుకున్నాను. చూసి నవ్వుకున్నాను. వెళ్ళి, ముట్టుకున్నదే ముఖ్యం అని స్క్రీన్‌కి నేర్పాను. గుడ్డిదాన్నా నేను? బాగున్నదాన్ని వాళ్ళు ముట్టుకోరు. పాడైనదాన్నే ముట్టుకుంటారు. ఏడుపుగొట్టుకి సింహాసనం వేసి తోకని సొరుగులో పెట్టాను.

తర్వాత మే 17 చదివాను. చదవలేకపోయాను.

జూన్ 13, గురువారం

పాపకి మూత్రం వచ్చింది. నర్సు వచ్చి చెప్తే అక్క ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని బోరుమన్నాను.

జూన్ 14, శుక్రవారం

బాస్ రిపోర్ట్ రాశాడు. నాకు చూపించాడు. క్లోరిన్ అంకె ఆపరేటర్‌కి రెండు నొక్కుల దూరంలో ఎప్పుడూ అందుబాటులోనే ఉంది అని రాశాడు. ఇందులో అబద్ధం ఏమైనా ఉందా అని నన్నే అడిగాడు. లేదు. ఒక్క అక్షరం కూడా లేదు.

నేను మే 17 సంగతి చెప్పాను. సొరుగు తెరవొద్దని ఆయనకి నేనే చెప్పానని. బాస్ లేచి గది తలుపు మూశాడు. ఎక్కడైనా రాతపూర్వకంగా ఉందా అన్నాడు. మెయిల్ లేదు, మెసేజ్ లేదు, నోటిమాటే. అయితే అది నీకూ ఆయనకీ మధ్య మాట, ఆయన కూడా ఎక్కడా చెప్పలేదట, నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావ్ అన్నాడు. ఇంట్లో పిల్లకి బాలేదు, లీవు పెట్టు, ఎంక్వైరీకి నేను వెళ్తాను అన్నాడు. చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్తున్నాడని నాకూ తెలుసు.

రాతపూర్వకంగా లేదు అన్నాను. ఉంది. బ్యాగులోనే ఉంది.

జూన్ 16, ఆదివారం

బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. తలుపు ఆయనే తీశాడు. నన్ను చూసి, రామ్మా, పాపకెలా ఉంది అని అడిగాడు. పాప సంగతి ఆయనకెలా తెలుసో! హాస్పిటల్‌లో ఉన్నవాళ్ళ పేర్ల లిస్టు తెప్పించుకున్నాడట. రోజూ ఫోన్ చేసి ఒక్కొక్కరి గురించీ కనుక్కుంటున్నాడట. లిస్టు టీవీ పక్కన అంటించి ఉంది. టైలరమ్మ పేరు చుట్టూ గీత గీసి ఉంది.

సస్పెండ్ చేసినప్పుడు సొరుగు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను అన్నాడు. జ్వరమొచ్చినా వచ్చి చూశాను. ఒక పిల్ల వచ్చి చూడొద్దంటే మానేశాను. ఎవరో చెప్తే మానేయడానికి అది నా సొంత పనా, అంతమంది నోట్లోకి వెళ్ళే నీళ్ళు కదా అన్నాడు. నీ మీద నెట్టి నేను బయటపడితే ఆవిడ లేచి వస్తుందా అన్నాడు.

నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. చెడామడా తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

వచ్చేటప్పుడు ఒక చిన్న డబ్బా ఇచ్చాడు. అందులో ఒక గాజు గొట్టం, ఒక మందు సీసా, రంగుల అట్టముక్క. గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఎంత చిక్కటి పసుపైతే అంత మందు. పాత రోజుల్లో డ్యూటీ దిగాక ఇంటికెళ్తూ ఊరి చివర ఆగి చూసేవాట్ట. స్క్రీన్ వచ్చాక ఇది దేనికిలే అని అటక మీద పడేశాట్ట.

జూన్ 18, మంగళవారం

పాప ఇంటికొచ్చింది. చిలకలా మాట్లాడేది, ఇప్పుడు అడిగినదానికే జవాబు. ఆర్నెల్లు మందులు వాడాలి. నీళ్ళ గ్లాసు చూపిస్తే అక్క వైపు చూస్తుంది, తాగనా అని.

ఎంక్వైరీ 25న.

జూన్ 20, గురువారం

వెళ్తే ఉద్యోగం పోతుంది. అది పెద్ద విషయం కాదు, ఇంకోటి దొరుకుతుంది. నాకు భయం అది కాదు. నాకు అక్క తప్ప ఇంకెవరున్నారు?

జూన్ 21, శుక్రవారం

వెళ్ళకపోతే ఆయన జైలుకి వెళ్తాడు, నేను ఆదివారం ఆదివారం అక్క చేతి వంట తింటాను.

జూన్ 23, ఆదివారం

చెప్పేశాను.

అక్క వరండాలో పాపకి జుట్టు దువ్వుతోంది. పాపని లోపలికి పంపించి మొత్తం చెప్పాను. ఆపరేటర్ నిద్రపోలేదని, రోజూ చూసేవాడని, చూడొద్దని చెప్పింది నేనేనని. డెమో కోసం అని. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే అసహ్యమేసింది.

అరుస్తుంది, కొడుతుంది అనుకున్నాను. అలా ఏం చేయలేదు. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ తీస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కటే అడిగింది. వాసన రావట్లేదని నీకు ఫోన్ చేసి చెప్పాను కదే అని.

చెప్పింది. నాకే చెప్పింది. ఊరంతట్లో ఆ పదహారు రోజుల్లో ఆ సంగతి కనిపెట్టిన మనిషి మా అక్క ఒక్కతే. నేను నవ్వాను.

లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. నేను కాసేపు ఆ మెట్టు మీదే కూర్చుని వచ్చేశాను.

జూన్ 25, మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఎంక్వైరీ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

లోపల బాస్ మాట్లాడాడు, రెండు నొక్కుల దూరం అన్నాడు. ఆపరేటర్లు దేన్నీ ముట్టుకోరన్న సంగతి డిజైన్ చేసినవాళ్ళకి తెలిసే అవకాశమే లేదన్నాడు. అప్పుడు నేను లేచాను. ఈ పుస్తకం తీశాను. మార్చి 6 చదివాను. స్కూల్ తనిఖీ ఆఫీసర్ అన్నదగ్గర ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఏప్రిల్ 2 చదివాను, ఐస్‌క్రీమ్‌తో సహా. మే 16, మే 17 చదివాను. మే 30 కూడా చదివాను. అది వాళ్ళకి అక్కర్లేదు, కానీ చదివాను.

బాబాయ్ మొదటి వరసలో కూర్చున్నాడు. వద్దమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన వైపు చూడకుండా చదివాను. బాస్ మొహం మాడిపోయింది.

కమిటీ పెద్ద ఆ పుస్తకం మాకివ్వాలమ్మా అన్నాడు. సాక్ష్యమట. ఇస్తాను, ఐదు నిమిషాలు టైమివ్వండి అన్నాను. ఆ ఐదు నిమిషాలే ఇవి. ఇదంతా ఎవరూ చదవరనుకుని రాసింది. ఇప్పుడు ఎవరెవరో చదువుతారు. చదవండి. ఆయన్ని వదిలేయండి.

పిలుస్తున్నారు.

జూలై 10, బుధవారం

కొత్త పుస్తకం. పాతది వాళ్ళ దగ్గరే ఉంది.

బాబాయ్ మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. స్క్రీన్‌కి ఇంక నేర్చుకోవడం మాన్పించేశారు. ఎక్కడిది అక్కడే, ఏదీ పెరగదు, తరగదు, దాక్కోదు. తోక కుడివైపు కింద మూలకి వచ్చేసింది. నా మీద ఇంకా ఏదీ తేల్చలేదు. ఉద్యోగం మాత్రం తేలింది. మంచిదే, ఖాళీగా ఉన్నాను.

ఇవాళ పొద్దున్నే ఆ డబ్బా పట్టుకుని అక్కావాళ్ళ వీధికి వెళ్ళాను. కుళాయి గేటు బయటే కాబట్టి ఎవర్నీ పిలవక్కర్లేదు. కుళాయి కింద అక్క బకెట్ ఉంది, నిండుగా. దాన్ని పక్కకి జరిపి, గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, అట్టతో పోల్చి చూసి, మళ్ళీ బకెట్ ఎక్కడిదక్కడే పెట్టాను. పసుపు వచ్చింది. 0.4. ఒక చీటీ మీద రాసి గేటు సందులోంచి లోపలికి వేశాను. కిటికీ తెర కదిలింది. పాపో, అక్కో తెలీదు.

రోజూ వెళ్తాను. తలుపు తట్టను.

జూలై 15, సోమవారం

0.4. చీటీ వేశాను. నిన్నటి చీటీ అక్కడ లేదు. గాలికి పోయిందేమో.

జూలై 22, సోమవారం, ఉదయం 6:50

పదమూడో రోజు. 0.5. తలుపు తీయలేదు.

రోజూ నేను జరిపే అక్క బకెట్ నేను వెళ్ళేసరికే కుళాయి కింద లేదు. పక్కకి జరిపి పెట్టి ఉంది.